పల్లేరు

వాల్‌ఫ్రిడ్ గరాజ్‌లో రాత్రి పదకొండున్నర.
బయట మైనస్ పంతొమ్మిది.
లోపల కిరోసిన్ హీటరు చుట్టూ ముగ్గురం,
రెండు జతల టైర్లు, ఒకటే తగువు.

"మేకుల టైర్లే వెయ్యాలి," అంటాడు వాల్‌ఫ్రిడ్.
టైరుని చంటిపిల్లాడి తలలా నిమురుతూ,
"ఒక్కోదానికి మూడొందల ఎనభై నాలుగు,
అన్నీ నా చేత్తో దిగ్గొట్టినవే."

"మధ్యాహ్నం ఎండ కాస్తే?
మలుపులో మంచు చెదిరి కంకర తేలితే?
నీ మేకులన్నీ ముసలాడి పళ్లలా రాలతాయి."
ఇది రూత్ లంపినెన్.
వారమంతా స్కూలు బస్సు, శనివారం ఈ డొక్కు నీలం కారు.
కాల్యుమెట్‌లో ఫిబ్రవరి ఎండని నమ్మే మనిషి
నాకు తెలిసి ఈమె ఒక్కతే.

నేను ఆమె పక్కసీటు. నా పని చదవడం.
ఎడమ నాలుగు, మిట్ట దాటగానే బిగుస్తుంది,
డెబ్బై, కుడి రెండు, కొయ్యొద్దు, లోపల మొద్దు ఉంది.
అరిచేది ఇంగ్లీషులో.
భయం మాత్రం తెలుగులోనే వేస్తుంది.

"నువ్వేమంటావు, వకుళా?"
నాకు నంద్యాల సంత గుర్తొచ్చింది.
ఎద్దుని పడదోసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి
గిట్టలకి లాడాలు కొడుతున్నారు.
తెల్లగుడ్డు తేలేసిన కన్ను.
తర్వాత లేచి, రాళ్లబాట మీద
ఠక్ ఠక్‌మని దర్జాగా వెళ్లిపోయింది.
దానికి మేలు చేశారో కీడు చేశారో
అప్పుడూ తేలలేదు నాకు.

"తెలీదు," అన్నాను.
ఇద్దరూ ఒకేలా చూశారు.
గోడమీది పిల్లికి ఏ దేశంలోనూ మర్యాద లేదు.

తెల్లారి మేకులే వేశాం.
వాల్‌ఫ్రిడ్ గెలిచాడని కాదు,
రూత్‌కి నిద్రొచ్చింది.

మంచుగడ్డ మీద మేకులు పరిగెడుతుంటే
బాణలిలో వేరుశనగలు వేగుతున్న చప్పుడు.
అడవి అటొకటీ ఇటొకటీ తెల్లటి గోడలు.
ఆమె చేతులు స్టీరింగు మీద
మజ్జిగ చిలికినంత నిదానంగా కదులుతున్నాయి,
కారు మాత్రం పక్కకి తిరిగి ముందుకి పోతోంది.
తొమ్మిదో మైలు దగ్గర వేరుశనగలు ఆగిపోయాయి.
కంకర. నిజంగానే ఎండ.
చక్రాల కింద నిప్పురవ్వలు చూసి
చేతితొడుగుతో కాగితం తిప్పాను.
రెండు కాగితాలు తిరిగాయి.

"చదువు!"
ఒక్క క్షణం నా దగ్గర ఏ భాషా లేదు.
"తప్పైనా సరే, చదువు!"

మంచుగట్టు మమ్మల్ని మెత్తగా మింగింది.
ఇంజను ఆగాక, ఎక్కడో పిట్ట ఒకటి అరిచింది.
నారింజ కోట్ల వాళ్లు నలుగురొచ్చి తోశారు.
ఒకాయన శాండ్‌విచ్ నోట కరుచుకునే తోశాడు.

పద్నాలుగు కార్లలో పదకొండో వాళ్లం.

రాత్రి నుదుటికి దీపం కట్టుకుని
వాల్‌ఫ్రిడ్ చిల్లులు లెక్కపెట్టాడు. నూట పన్నెండు.
"చెప్పానా!" అన్నారిద్దరూ ఒకేసారి.
ఊడాయి కాబట్టి జారామని ఆమె.
మిగిలాయి కాబట్టి చెట్టుకి కొట్టుకోలేదని ఆయన.
కాగితం సంగతి ఎవరూ అడగలేదు.
నేను చెప్పలేదు.
రూత్ నాకు కాఫీ పోస్తూ, అడక్కుండానే
రెండు చెంచాల పంచదార వేసింది.

సోమవారం, ఆఫీసు గచ్చు మీద
నా ఎడమ బూటు టిక్కు టిక్కు అంటోంది.
కూర్చుని అడుగు తిప్పి చూశాను.
పల్లేరుకాయలా దిగబడి ఉంది,
బియ్యపుగింజంత మేకు.
చిన్నప్పుడైతే పిన్నీసుతో, పళ్లు బిగించి, లాగేసేదాన్ని.

కిటికీలోంచి పసుపు బస్సు కనిపించింది.
మేకుల్లేని ఆరు చక్రాలు, నలభై మంది పిల్లలు.
మూల మలుపులో పూర్తిగా ఆగి,
అటు చూసి, ఇటు చూసి, మళ్లీ అటు చూసి
అంగుళం అంగుళం కదిలింది.

పిన్నీసు పెన్నుల డబ్బాలో పడేశాను.

సాయంత్రం పార్కింగంతా నల్లటి గాజు.
కుడికాలు జారింది.
ఎడమకాలు పట్టుకుంది.